తెలుగు బొమ్మ వెనుక జమాఖర్చులు

ధామన్కర్ నాకా పరిసరాల్లో పెరిగిన మన పిల్లలను ఒక్క ప్రశ్న అడిగి చూడండి. "నీకు తెలుగు ఎట్లా వచ్చింది?" అని. ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడతారు గనుక కొంత వచ్చిందంటారు. తక్కినదంతా సినిమాలు చూసి నేర్చుకున్నామంటారు. బడిలో చాలామందికి మరాఠీ, ఇంగ్లీషు. బజారులో హిందీ. సాంచాల మధ్య నిలబడితే ఏ భాషా వినపడదు. కావున తెలుగు బొమ్మ మనకు వట్టి వినోదం కాదు. వలస వచ్చిన ఇంట్లో మాతృభాష ఆరిపోకుండా కాపాడిన దీపాల్లో అదీ ఒకటి.

ఐతే ఆ బొమ్మ ఎవరి డబ్బుతో తయారైంది, మన దాకా ఏ దారిన వచ్చింది, చాలాకాలం ఎందుకు రాలేదు అన్న సంగతులు మనం అంతగా ఆలోచించలేదు. ఈ ఉగాది సంచికలో ఆ జమాఖర్చుల చరిత్రను పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచదలిచాము. మేము సినిమా వ్యాపారులం కాము. నూలు, బీము, బట్ట లెక్కలు తెలిసినవాళ్ళం. ఆ లెక్కలు తెలిసినవారికి ఈ లెక్కలు తెలుసుకోవడం కష్టం కాదని మా నమ్మకం.

సాంచా లెక్క, సినిమా లెక్క

సిరిసిల్లలో గాని భివండిలో గాని సాంచాల వ్యవహారం మనకు తెలిసినదే. సేటు నూలు ఇస్తాడు. ఆసామి తన సాంచాల మీద ఆ నూలు నేయించి బట్ట అప్పగిస్తాడు. అతనికి మజూరీ ముడుతుంది. కరెంటు బిల్లు, జాగా కిరాయి, కార్మికుల కూలీ అందులో నుంచే పోవాలి. బజారు లేచినప్పుడు లాభం సేటుది. బజారు పడినప్పుడు సేటు నూలు ఆపుతాడు, సాంచాలు నిలిచిపోతాయి, నష్టం మెట్టు మెట్టుగా కిందికి దిగి కార్మికుని కంచంలోకి వస్తుంది. ఇంతకూ ఏ రకం బట్ట నేయాలో చెప్పేదెవరు? నూలు ఇచ్చినవాడే.

సినిమాలో కూడా ముగ్గురున్నారు. బొమ్మ తీసేవాడు నిర్మాత. దాన్ని ప్రాంతాల వారీగా హాళ్ళకు చేర్చేవాడు పంపిణీదారు. హాలులో ఆడించేవాడు ప్రదర్శకుడు. డబ్బు మాత్రం వచ్చేది నాలుగో మనిషి జేబులో నుంచి. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు ఇచ్చిన రూపాయే ఈ ముగ్గురినీ పోషించాలి.

మాట వరసకు ఒక హాలులో నూరు రూపాయలు వసూలైనవనుకుందాము. మొదట ప్రభుత్వపు పన్ను తీస్తారు. మద్రాసు రాష్ట్రంలో వినోదపు పన్ను చట్టం 1939లో వచ్చింది. ఆ తరువాత దేశంలో పలుచోట్ల ఈ పన్ను ఏటేటా పెరిగిందే గాని తగ్గింది తక్కువ. పన్ను పోగా మిగిలినదానిలో హాలు యజమాని తన వాటానో, ముందే కుదిరిన వారపు అద్దెనో తీసుకుంటాడు. తక్కినది పంపిణీదారుకు చేరుతుంది. అతడు తన కమీషను, ప్రింట్లకూ గోడ కాగితాలకూ పెట్టిన ఖర్చు, నిర్మాతకు ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, వరుసగా మినహాయించుకుంటాడు. ఇవన్నీ తీరిన పిమ్మట ఏదైనా మిగిలితే అందులో నిర్మాతకు వాటా. దానికి వ్యాపారంలో పేరు 'ఓవర్‌ఫ్లో'. చెరువు నిండితేనే మత్తడి దుంకుతుంది. నిండని చెరువు కింద పొలం పెట్టుకున్నవాడి గతి ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ వరుసను జ్ఞాపకం పెట్టుకుంటే తొంభై ఏళ్ళ తెలుగు సినిమా చరిత్ర కొంత తేలికగా బోధపడుతుంది. నష్టం మోసే మనిషి మారినప్పుడల్లా బొమ్మ కూడా మారింది.

పుట్టుకతోనే వలస

తెలుగువారిలో ఈ వ్యాపారానికి మొదట పూనుకున్నవారు బందరుకు చెందిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు. మద్రాసులో ఫోటోగ్రాఫరుగా జీవితం మొదలుపెట్టి, ప్రదర్శన యంత్రం తెప్పించుకుని దక్షిణాది ఊళ్ళతోపాటు బర్మా, సింహళాల్లో కూడా బొమ్మలు చూపించారు. తరువాత మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ అనే హాళ్ళు కట్టారు. హాళ్ళలో వచ్చిన డబ్బుతో కుమారుడు ప్రకాశ్‌ను సినిమా విద్యకు విదేశాలకు పంపారు. 1921లో వారి స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ 'భీష్మ ప్రతిజ్ఞ' అనే మూకీ చిత్రం తీసింది. అంటే ప్రదర్శకుడే పెట్టుబడిదారు, ఆయనే నిర్మాత. లాభం వచ్చినా నష్టం వచ్చినా ఒకే ఇంటిది. చివరకు నిర్మాణపు ఖర్చులు ఆ ఇంటిని ముంచాయి. ఈనాడు ఆయన పేరిట ప్రభుత్వ పురస్కారం ఉన్నది గాని, ఆనాడు ఆయనను ఆదుకున్న బ్యాంకు ఏదీ లేదు.

మాటలు వచ్చాక ఖర్చు ఒక ఇంటి పెట్టుబడికి అందనంత పెరిగింది. శబ్దం పట్టే యంత్రాలు, మూసిన స్టూడియోలు కావలసివచ్చాయి. అవి తెలుగు దేశంలో లేవు. బొంబాయిలో అర్దేశిర్ ఇరానీ గారి ఇంపీరియల్ కంపెనీ 1931 మార్చిలో 'ఆలం ఆరా' విడుదల చేసింది. ఆ కంపెనీయే హెచ్.ఎం. రెడ్డి గారి దర్శకత్వంలో 'భక్త ప్రహ్లాద' తీసింది. దానికోసం సురభి నాటక సమాజపు నటులు బొంబాయికి తరలివచ్చారు. ఆ చిత్రం 1931లో వచ్చిందని చాలాకాలం అనుకున్నారు. ఇటీవలి పరిశోధనలో తేలినదేమంటే, అది 1932 ఫిబ్రవరి 6న మొదట ప్రదర్శితమైంది. ఎక్కడో తెలుసునా? బెజవాడలో కాదు, మద్రాసులో కాదు. బొంబాయి కృష్ణా సినిమాలో!

ఈ సంగతి తెలిసిన రోజున మాకు కలిగిన సంతోషం ఇంతంత కాదు. మన పెద్దలు ఏ నగరపు మిల్లుల్లో పనికి వచ్చారో, ఆ నగరంలోనే తెలుగు టాకీ పుట్టింది. మన వలెనే అదీ పుట్టుకతో వలసబిడ్డ. పని ఎక్కడ ఉంటే అక్కడికి మనిషి పోయినట్లు, యంత్రం ఎక్కడ ఉంటే అక్కడికి బొమ్మ పోయింది. 1933లో సి. పుల్లయ్య గారు 'సావిత్రి' తీయడానికి కలకత్తా పోయారు. 1934లో అక్కడి ఈస్టిండియా ఫిలిం కంపెనీయే 'లవకుశ' నిర్మించింది. ఆ చిత్రం చూడడానికి పల్లెజనం బండ్లు కట్టుకుని వచ్చేవారట. అదే ఏడు మద్రాసులో వేల్ పిక్చర్స్‌వారు 'సీతా కల్యాణం' తీయడంతో తెలుగు బొమ్మ మద్రాసు చేరింది.

తెలుగు గడ్డమీద స్టూడియో నిలపాలన్న ప్రయత్నం జరగకపోలేదు. 1936లో నిడమర్తి సూరయ్య గారు రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పెట్టి 'సంపూర్ణ రామాయణం' తీశారు. కాని ఫిలిం కడిగే లేబరేటరీలు, యంత్రం చెడితే బాగుచేసేవారు, నటులు, అప్పు ఇచ్చేవారు అందరూ ఒకచోట ఉంటేనే పని సాగుతుంది. సాంచాలు కూడా అంతే గదా. బీము కట్టేవాడు, మిస్త్రీ, నూలు దుకాణం, బట్ట కొనే వ్యాపారి ఒకచోట ఉండబట్టే భివండి ఇంత పెరిగింది. ఆ విధంగా సినిమాకు మద్రాసు కుదిరింది. తెలుగు సినిమా దాదాపు నలభై ఏళ్ళు ఆ పరాయి ఊళ్ళోనే కాపురం చేసింది.

జమీందారు డబ్బు, యుద్ధపు ఫిలిం

ముప్పయ్యో దశాబ్దం చివర డబ్బు పెట్టినవారిలో జమీందార్లు కనబడతారు. చల్లపల్లి రాజా గారి అండతో గూడవల్లి రామబ్రహ్మం గారు సారథి సంస్థ ద్వారా 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీశారు. మొదటిది అంటరానితనం మీద, రెండవది జమీందారీ పీడన మీద. జమీందారు డబ్బుతో జమీందార్లను విమర్శించే బొమ్మ! తక్కిన జమీందార్ల వ్యతిరేకత వల్ల కొన్నిచోట్ల 'రైతుబిడ్డ' ప్రదర్శన నిలిచిపోయింది. ఇట్టి సాహసం ఎట్లా సాధ్యమైందంటే, పెట్టుబడి పెట్టినాయన ఒక్క బొమ్మ నష్టంతో కూలిపోయేవారు కారు గనుక. 1939లోనే బి.ఎన్. రెడ్డి గారు, రాయలసీమ వ్యాపారి మూలా నారాయణస్వామి గారి భాగస్వామ్యంతో వాహినీ పేర 'వందేమాతరం' తీశారు. అక్కడ కూడా నష్టానికి ఓర్చే వెన్నుదన్ను ఉన్నది.

అంతలో యుద్ధం వచ్చిపడింది. ముడి ఫిలిం విదేశాల నుంచి రావాలి. ఓడలు లేవు. 1942లో ప్రభుత్వం బొమ్మ నిడివి 11,000 అడుగులకు మించరాదని కట్టడి చేసింది. మరుసటి ఏడు ఫిలింకు లైసెన్సులు పెట్టింది. మనకు నూలు కంట్రోలు రోజులు జ్ఞాపకం తెచ్చుకుంటే తక్కిన కథ తెలిసిపోతుంది. కంట్రోలు ఉన్నచోట చాటు బజారు ఉంటుంది. యుద్ధపు గుత్తల్లో సంపాదించి లెక్కల్లో చూపలేని డబ్బు సినిమాల్లోకి వచ్చింది. కొత్తగా వచ్చినవారికి స్టూడియో లేదు, నెలజీతపు నటులు లేరు. పేరున్న నటునికి ఒక్క బొమ్మకు పెద్ద మొత్తం ముట్టజెప్పి, స్టూడియో అద్దెకు తీసుకుని, ఒక్క చిత్రం తీసి అదృష్టం పరీక్షించుకునేవారు. స్టూడియోలో జీతానికి పనిచేసే పద్ధతి అట్లా సడలిపోయింది.

దానికి ఎదురు నిలిచినవారు లేకపోలేదు. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థ 1950లో 'షావుకారు'తో మొదలైంది. నటులకు, రచయితలకు, సాంకేతికులకు నెలజీతాలిచ్చి, వాహినీ స్టూడియోను తమ చేతికి తీసుకుని, కార్ఖానా నడిపినట్లు నడిపారు. ఎన్.టి. రామారావు గారు మొదట ఆ సంస్థలో జీతగాడే. 1951లో 'పాతాళ భైరవి', 1957లో 'మాయాబజార్' ఆ క్రమశిక్షణలో పుట్టినవే. ఒక బొమ్మ మీద వచ్చింది మరొక బొమ్మకు పెట్టుబడి అయింది. ఐతే అందరూ నాగిరెడ్లు కాలేరు గదా.

నైజాం, సీడెడ్, సర్కార్లు

తక్కిన నిర్మాతలకు ఎవరు దిక్కు? బ్యాంకులు సినిమా పేరు వింటేనే తలుపులు మూసేవి. 1949లో భారత ప్రభుత్వం ఎస్.కె. పాటిల్ గారి అధ్యక్షతన ఒక విచారణ సంఘం వేసింది. 1951లో వచ్చిన ఆ నివేదిక, సినిమాలకు అప్పులిచ్చే సంస్థ ఒకటి కావాలన్నది. ఆ సంస్థ 1960లో గాని పుట్టలేదు. దేశమంతటికీ అదొక్కటే, ఎందరికి సరిపోతుంది? అందుచేత నిర్మాతకు అప్పు పుట్టే చోటు రెండే మిగిలాయి. నెలకు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ తీసుకునే ఫైనాన్సియరు ఒకరు, అడ్వాన్సు ఇచ్చే పంపిణీదారు మరొకరు.

యాభై అరవైల తెలుగు సినిమా పంపిణీదారుల అడ్వాన్సుల మీద నిలిచిందంటే అతిశయోక్తి కాదు. నవయుగ, పూర్ణా వంటి సంస్థల పేర్లు ఆనాటి గోడ కాగితాల మీద నటుల పేర్లతో పాటు కనబడేవి. కథ, నటవర్గం నచ్చితే పంపిణీదారు విడతలు విడతలుగా డబ్బు ఇచ్చేవాడు. బేరం మూడు విధాలు. కొంత మొత్తానికి హక్కు పూర్తిగా కొనివేయడం ఒకటి. ఇంత మొత్తం తప్పక ఇస్తానని హామీ పడి, పైన వచ్చినదానిలో వాటా పంచుకోవడం రెండవది. కేవలం కమీషను మీద ఆడించి, నష్టం నిర్మాత మీదనే వదలడం మూడవది. హామీ పడిన పంపిణీదారు నష్టం తానూ మోస్తాడు. కనుకనే కథలో, పాటల్లో, నటుల ఎంపికలో అతని మాటకు విలువ. ఫలానా నాయకుడు లేకపోతే సీడెడ్‌లో ఎత్తరు, హాస్యం లేకపోతే సర్కార్లలో ఆడదు అని అతడు చెబితే నిర్మాత కాదనలేడు.

ఈ నైజాం, సీడెడ్, సర్కార్లు అనే మాటలు చూడండి. ఇవి సినిమావారి పంపకాల పేర్లు. నిజాం 1800లో ఇంగ్లీషువారికి దత్తం చేసిన జిల్లాలు సీడెడ్. వాటికి రాయలసీమ అనే పేరు 1928లో వచ్చి స్థిరపడ్డా, సినిమా వ్యాపారం పాత పేరు విడువలేదు. మనవారిలో ఎక్కువమంది వచ్చిన తెలంగాణ జిల్లాలు నైజాం. 1948 దాకా అది వేరే రాజ్యం, వేరే నాణెం, వేరే సుంకం; అందుచేత పంపిణీ హక్కు కూడా వేరు. రాజ్యం పోయింది, 1956లో రాష్ట్రాలు మారాయి, 2014లో మళ్ళీ మారాయి. సినిమా లెక్కల పుస్తకంలో మాత్రం నైజాం నేటికీ నైజామే.

ఈ పద్ధతిలో బాగుపడినవారూ ఉన్నారు, చితికినవారూ ఉన్నారు. దుక్కిపాటి మధుసూదనరావు గారి అన్నపూర్ణా సంస్థ 1955లో 'దొంగరాముడు'తో మొదలై, మంచి కథలతో నిలదొక్కుకుంది. చిత్తూరు నాగయ్య గారు మహానటుడు, దాత. సొంతంగా చిత్రాలు తీసి సంపాదించినదంతా పోగొట్టుకున్నారు. ఆయన 'రామదాసు' ఏళ్ళ తరబడి నలిగి 1964లో బయటపడింది. 1973లో కన్నుమూసేనాటికి ఆయన చేతిలో ఏమీ లేదు. రామానాయుడు గారు 1964లో 'రాముడు భీముడు'తో గెలిచి, తరువాతి చిత్రాల్లో దెబ్బతిన్నారు. 1971లో 'ప్రేమనగర్' ఆడకపోతే పరిశ్రమ విడిచి పోవలసినవాడినని ఆయనే తరువాత చెప్పుకున్నారు. మత్తడి కింద సేద్యం అంటే ఇదే.

పటంలో లేని మనం

ఇప్పుడు మన సంగతికి వద్దాము. ఈ పంపకాల పటంలో భివండి ఎక్కడున్నది? థానా జిల్లా హిందీ సినిమావారి బొంబాయి సర్క్యూట్‌లోది. తెలుగు పంపిణీదారు డబ్బు పెట్టి కొన్న హక్కు నైజాం సరిహద్దుతో ఆగిపోతుంది. మనం వేలమంది ఉన్నా అతని లెక్కలో లేము. నిర్మాత అడ్వాన్సు అడిగినప్పుడు మన పేరు చెప్పి ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. అందుచేత బొమ్మ తీసేటప్పుడు మనం ఎవరికీ జ్ఞాపకం రాలేదు.

దీనికి తోడు ప్రింట్ల ఖర్చు ఉన్నది. ఒక్కో ప్రింటు మైళ్ళ పొడవు ఫిలిం, పది పదిహేను రీళ్ళు, బరువైన ఇనుప పెట్టెలు. 'పాతాళ భైరవి' మొదట పదమూడు ప్రింట్లతోనే విడుదలైందని సినీ చరిత్రకారులు రాశారు. పెద్ద ఊళ్ళలో ఆడినాక ఆ పెట్టే చిన్న ఊళ్ళకు, అక్కడి నుంచి టూరింగ్ టాకీసులకు పోయేది. గీతలు పడి, అతుకులు పడి, పాటలో సగం తెగిపోయి, చివరికి షోలాపురం వంటి ఊళ్ళు దాటి మన వైపు వచ్చేది. అదీ సెలవునాటి పొద్దుటి ఆటకు మాత్రమే. హిందీ బొమ్మ ఆడే హాలు ఖాళీగా ఉండే వేళ మనది.

1979లో మేము కొందరు యువకులం కలిసి సంఘం నిధి కోసం ఒక పాత పౌరాణిక చిత్రం ఆడించాలనుకున్నాము. షోలాపురం నుంచి పెట్టె తెప్పించే ఏర్పాటు. హైరు మొత్తం ముందే కట్టాలన్నారు, కట్టాము. హాలు అద్దె కట్టాము. కరపత్రాలు పంచాము. కండెలు చుట్టే ఆడవాళ్ళు సైతం ముందే టిక్కెట్లు కొన్నారు. ఆ పొద్దున కల్యాణ్ స్టేషనుకు పోతే బండి వచ్చింది, పెట్టె రాలేదు. అంతకుముందు ఆడించిన హాలువారు ఒక ఆట అదనంగా వేసుకుని పెట్టె ఆలస్యంగా వదిలారని తరువాత తెలిసింది. తరువాతి బండిలో వచ్చిన పెట్టెను టెంపోలో వేసుకుని నాకా చేరేసరికి హాలు వేళ దాటిపోయింది. హాలువారిని బతిమాలి మరొక వేళకు ఆట మార్చుకున్నాము గాని, అప్పటికి సగంమంది డబ్బు వాపసు తీసుకుని వెళ్ళిపోయారు. మిగిలినవారిలో కొందరు రాత్రి పాళీకి సాంచాల మీదికి పోవలసినవారు. యుద్ధఘట్టం రాకముందే లేచిపోయారు.

లెక్క చూస్తే పన్నెండు వందలు తక్కువ పడ్డాయి. హైరు తిరిగి ఇవ్వమని రాస్తే, ఒప్పందంలో అట్టి షరతు లేదని జవాబు వచ్చింది. ఆ మాట నిజమే. మేము ఒప్పందం చదవకుండా సంతకం పెట్టాము. అప్పుడు మేమందరం తాత అని పిలుచుకునే పెద్దాయన, మిల్లులో ముప్పయ్యేళ్ళు నేసినవాడు, ఒక మాట అన్నాడు. "పైసలు పెట్టినోడిదే బొమ్మ బిడ్డా. నష్టం మోసినోడే మాట చెప్తడు. మీరు నష్టం మోసిన్రు గని మాట మాత్రం కాయితం మీద ఆయనకే రాసిచ్చిన్రు." తలా కొంత వేసుకుని ఆ బాకీ తీర్చాము. తాత తన వాటా మొదట ఇచ్చాడు. ఈ వ్యాసానికి మూలం ఆనాటి ఆ మాటే.

పెట్టె పోయింది, తెర వచ్చింది

ఆ తరువాత కాలం వేగంగా తిరిగింది. 1959లోనే 'మా ఇంటి మహాలక్ష్మి' హైదరాబాదు సారథీ స్టూడియోలో తయారైంది. 1976లో అన్నపూర్ణా స్టూడియో వచ్చింది. క్రమంగా పరిశ్రమ మద్రాసు నుంచి సొంత గడ్డకు తిరిగివచ్చింది. మనకు మాత్రం తెలుగు బొమ్మ ఎనభైలలో వీడియో క్యాసెట్టు రూపంలో చాళ్ళలోకి వచ్చింది. ఒక ఇంట్లో పెట్టె, పది ఇళ్ళ జనం. అందులో చాలా క్యాసెట్లు దొంగ నకళ్ళు. మన ముచ్చట తీరింది గాని ఆ డబ్బులో నిర్మాతకు పైసా చేరలేదు. మళ్ళీ మనం లెక్కలోకి రాలేదు.

1995లో తెలుగు ఉపగ్రహ చానళ్ళు వచ్చాయి. అప్పటి నుంచి టీవీ హక్కు నిర్మాతకు కొత్త ఆదాయమైంది. 1998లో కేంద్ర ప్రభుత్వం సినిమాను పరిశ్రమగా గుర్తిస్తామన్నది. 2000 నాటికి బ్యాంకు అప్పులకు దారి ఏర్పడింది. 2005 తరువాత హాళ్ళలో ప్రింటు స్థానే డిజిటల్ ప్రదర్శన వ్యాపించింది. ఒక్కో ప్రింటుకు సుమారు అరవై వేల రూపాయలయ్యే ఖర్చు తప్పింది. పెట్టె కోసం కల్యాణ్ స్టేషనులో ఎదురుచూసే పని తప్పింది. హైదరాబాదులో తెల్లవారుజామున విడుదలైన బొమ్మ ఆ రోజే మన ప్రాంతపు మల్టీప్లెక్సుల్లో ఆడుతున్నది.

పంపకాల తగాదా మాత్రం పోలేదు. 2009లో బొంబాయి నిర్మాతలు, మల్టీప్లెక్సువారు వాటాల మీద పట్టుబట్టి, రెండు నెలలపాటు కొత్త హిందీ బొమ్మలు ఆగిపోయాయి. చివరికి పంపిణీదారుకు మొదటి వారం వసూలులో నూటికి 50, రెండవ వారం 42.5, మూడవ వారం 37.5, ఆపైన 30 అని రాజీపడ్డారు. ఈ అంకెల్లో ఒక నీతి ఉన్నది. బొమ్మ ఎన్ని వారాలు నిలిస్తే అంతగా వాటా హాలు వైపు పోతుంది. కనుక నిర్మాతకు మొదటి మూడు రోజులే ముఖ్యం. వందరోజుల పండుగలు పోయి, మొదటి ఆటకే టిక్కెట్టు ధర పెంచే ఆత్రం ఎందుకు వచ్చిందో దీనివల్ల కొంత తెలుస్తుంది. వసూళ్ళు మొదటి రోజుల్లోనే రావాలంటే పేరున్న నాయకుడు కావాలి. కాబట్టి పారితోషికం బొమ్మ ఖర్చులో కొండంత అవుతుంది. యుద్ధకాలంలో నాటిన విత్తనం ఇంకా కాయలు కాస్తూనే ఉన్నది.

ఇంకొక విచిత్రం. ఒకనాడు మనల్ని లెక్కలోకి తీసుకోని బొంబాయి సర్క్యూట్‌లో, 2015, 2017 సంవత్సరాల్లో 'బాహుబలి' రెండు భాగాలు హిందీలో జయభేరి మోగించాయి. ఆ తరువాత పెద్ద తెలుగు బొమ్మకు డబ్బు పెట్టేవారు ముందుగా హిందీ హక్కు ఎంత పలుకుతుందో చూస్తున్నారు. తెలుగు బొమ్మకు కొత్త సేటు దొరికాడు. తాత మాట నిజమైతే, కథ చెప్పడంలో ఆ సేటు మాట కూడా చెల్లుతుంది. యుద్ధాలు, రాజ్యాలు, భారీ దృశ్యాలు ఏ భాషలోనైనా అమ్ముడుపోతాయి. పెద్దమనిషి చమత్కారం, పల్లె యాస, ఇంట్లో వియ్యంకుల సరసం హిందీలోకి పోతే సగం చస్తాయి. మన పిల్లలు సినిమా చూసి నేర్చుకోవలసిన తెలుగు ఈ రెండవ రకంలోనే ఎక్కువ. అట్టి చిన్న చిత్రాలు నేడు లేకపోలేదు. వాటికి హాళ్ళు దొరకడమే కష్టం. 2020 ఉగాదికి వచ్చిన ఆహా వంటి ఇంటితెరల మీద కొన్ని బతుకుతున్నాయి.

మా విన్నపం

ఇంత లెక్క ఎందుకు విప్పామంటే, మన చేతిలో ఏమీ లేదన్న పాత భ్రమ వదిలించుకోవడానికి. ఒకనాడు మనం పటంలో లేము, నిజమే. ఈనాడు మన నాకాలో అమ్ముడైన టిక్కెట్టు కూడా ఆ రాత్రికే హైదరాబాదులో లెక్కకు వస్తున్నది. ఇంటితెర మీద మనం ఏది చూస్తే అది నమోదవుతున్నది. దొంగ నకలు చూస్తే మనం మళ్ళీ లెక్కలో లేని మనుషులమే. నాలుగు డబ్బులు పెట్టి మంచి చిన్న బొమ్మ ఒకటి కుటుంబంతో చూస్తే, అట్టి బొమ్మకు భివండిలోనూ జనం ఉన్నారని డబ్బు పెట్టేవానికి తెలుస్తుంది.

మన సంఘం ఏటా ఒక తెలుగు చిత్రాన్ని, ఈసారి ఒప్పందం చదివి, సక్రమంగా అనుమతి తీసుకుని, పిల్లలకోసం ప్రదర్శిస్తే బాగుంటుందని కార్యవర్గానికి విన్నవించుకుంటున్నాము. ఆట ముగిశాక ఒక పెద్దావిడ గాని పెద్దాయన గాని లేచి, అందులోని మాటలకు అర్థం చెప్పాలి. నష్టం వస్తే తలా కొంత మోద్దాము. మోసినవారికే మాట ఉంటుంది గదా. ఆ మాట తెలుగులో చెప్పగలిగిన పిల్లలు ఈ నాకాలో ఇంకా ఉండాలని, ఈ కొత్త సంవత్సరం మన సాంచాలకు చేతినిండా పని, మన ఇళ్ళకు నోటినిండా తెలుగు ప్రసాదించాలని కోరుకుంటూ పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకుంటున్నాము.